గోధుమరంగు సీసా

అమ్మ సంచిలో రెండు చొక్కాలు పెడితే తాతయ్య ఒకటి బయటికి తీస్తున్నాడు.

"పది రోజులకి నాలుగు చొక్కాలు చాలవూ?" అంటాడు తాతయ్య.

"రైల్లో ఒకటి పాడైతే?" అంటూ అమ్మ మళ్లీ పెడుతుంది.

మంచం మీద కూర్చున్న పదేళ్ల పిల్ల ఇద్దర్నీ చూసి ముసిముసిగా నవ్వుతోంది. పొద్దున లేచింది మొదలు "ఎందుకు? ఎందుకు?" అని అందరి ప్రాణాలూ తోడేస్తుందని తాతయ్య ఆ పిల్లకి 'ఎందుకమ్మ' అని పేరు పెట్టాడు. అదే ఖాయమైపోయింది.

తాతయ్య ఒకప్పుడు రైలు డ్రైవరు. తనతో పాతికేళ్లు ఇంజన్‌లో పనిచేసిన స్నేహితుణ్ణి చూడటానికి వెళ్తున్నాడు. నాలుగు గంటలకి రైలు.

"మందులన్నీ నేనే సర్దేశాను," అంది ఎందుకమ్మ గొప్పగా. "కాబోయే డాక్టర్ని కదా!"

"డాక్టరుగారి సైన్సు పేపరు చూశాను," అంది అమ్మ. "శరీర భాగాల పాఠంలో పదికి పది. పదార్థాల పాఠంలో పదికి మూడు."

"డాక్టరుకి గుండె ఎక్కడుందో తెలిస్తే చాలమ్మా. ఏది ఆవిరవుతుందో, ఏది దేనిలో కరుగుతుందో ఎందుకు?"

"ఇదేం ప్రశ్నే తల్లీ! జవాబు వద్దని అడిగిన ఎందుకు ఇదొక్కటే," అని తాతయ్య పకపకా నవ్వాడు.

ఎందుకమ్మ సర్దిన డబ్బా చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. పరుగుపందెంలో బహుమతిగా వచ్చిన ప్లాస్టిక్ డబ్బా అది. ఏడు అరలు, ఏడు రంగులు. తాతయ్యకి గుండెనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే చిన్న తెల్ల మాత్రలుంటాయి. అవి గోధుమరంగు గాజు సీసాలో ఉండేవి. గాజు ప్రయాణంలో పగిలితే? అందుకని వాటిని ఎర్ర అరలో పోసింది. సీసాని కడిగి, పూసలు దాచుకోవడానికి కిటికీలో ఆరబెట్టింది. ఒక్క దెబ్బకి రెండు పనులు!

"దగ్గు బిళ్లలు మర్చిపోయాం," అంది అమ్మ. "మందుల షాపులో తీసుకుని నేరుగా స్టేషన్‌కి వచ్చెయ్. మేం మెల్లగా నడుస్తూ ఉంటాం."

స్టేషన్ రెండు వీధుల అవతలే. షాపు దారిలోనే ఉంది.

మందుల షాపు అత్త కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని చీటీలు చదువుతోంది. ఎందుకమ్మ దగ్గు బిళ్లలు అడిగింది. ఊరుకుంటే ఎందుకమ్మ ఎలా అవుతుంది? తన రంగుల డబ్బా గురించీ, డాక్టరుకి గుండె ఎక్కడుందో తెలిస్తే చాలన్న సంగతీ కూడా చెప్పింది.

అత్త చేతిలో చీటీ అలాగే ఆగిపోయింది.

"నాలుక కింద మాత్రలా? ప్లాస్టిక్ డబ్బాలో పోశావా?"

"అవును. ఎందుకూ?"

"మీ ఇంట్లో బట్టల బీరువాలో కలరా ఉండలుంటాయా?"

"ఉంటాయి. అమ్మ పెద్దవి పెడుతుంది. కొన్నాళ్లకి బఠాణీ అంత అవుతాయి."

"కరిగి నీళ్లయ్యాయా?"

"లేదు, బట్టలు పొడిగానే ఉంటాయి." ఎందుకమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "గాల్లోకి పోయాయి! వాసనొస్తుంది కదా!"

"ఆ మాత్రలోని మందు కూడా అంతే, నిలకడలేనిది. మూత సరిగా లేకపోతే ఎగిరిపోతుంది. ఇంకోటి చెప్పు. ఉల్లిపాయ ముక్కలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా కడిగితే వాసన పోతుందా?"

"పోదు. గాజు గిన్నెకైతే పోతుంది. అంటే... ప్లాస్టిక్ వాసనని పీల్చుకుంటుందా? మందుని కూడా పీల్చుకుంటుందా?"

అత్త తల ఊపింది.

"మరి మాత్ర చిన్నదైపోతుందా?"

"అదే చిక్కు. మాత్ర అంతే ఉంటుంది. తెల్లగా, గుండ్రంగా, నిన్నటిలాగే. లోపల మందు మాత్రం తగ్గిపోతుంది. నోట్లో పెట్టుకున్నా నొప్పి ఆగదు. ఏ మందు దేనితో కలుస్తుందో, దేనికి పాడవుతుందో చెప్పేదే కెమిస్ట్రీ. అది తెలియకుండా మందు ఇస్తే, గుండె ఎక్కడుందో తెలిసీ లాభం లేదు."

పది రోజులు. అంత దూరం. తాతయ్య ఎర్ర అర తెరుస్తాడు, మాత్ర నాలుక కింద పెట్టుకుంటాడు, ఎదురు చూస్తాడు...

గోడ మీద గడియారం మూడూ నలభై చూపిస్తోంది.

అత్త అప్పటికే సొరుగు తెరిచింది. "మీ తాతయ్య చీటీ నా దగ్గరే ఉంది. ఇదిగో, దగ్గు బిళ్లలు, కొత్త సీసా. మీ అమ్మకి నేను ఫోన్ చేస్తాను. పరుగెత్తు!"

ఎందుకమ్మ పరుగెత్తింది. ఏడు రంగుల డబ్బా గెలిచిన రోజు కూడా అంత వేగంగా పరుగెత్తలేదు.

ప్లాట్‌ఫామ్ మీద రైలు ఆగి ఉంది. అమ్మ ఫోన్ సంచి అడుగున ఎక్కడో మోగుతూనే ఉంది. ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. తాతయ్య కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపాడు.

దారంతా ఎందుకమ్మకి ఒక ఆలోచన వస్తూ పోతూ ఉంది. సీసా ఇచ్చేసి, "ఇది కూడా ఉంచుకో తాతయ్యా" అంటే సరిపోతుంది కదా! తప్పు చేసిందని ఎవరికీ తెలియదు. కానీ అప్పుడు తాతయ్య ముందు ఏ మాత్ర తీస్తాడు?

"తాతయ్యా, నేను తప్పు చేశాను," అంది రొప్పుతూ. "ఎర్ర అరలోవి వేసుకోకు. నాకిచ్చెయ్. అవి పాడైపోతాయి. గాజులోనే ఉండాలి. నేను అడగకుండానే మార్చేశాను."

తాతయ్య సంచి ముందుకు లాక్కున్నాడు. డబ్బా తెరిచి ఎర్ర అరలోని మాత్రలన్నీ కాగితంలో పోసి ఇచ్చాడు. కొత్త సీసా అందుకుని చొక్కా జేబులో పెట్టుకోబోయాడు.

"ఆగు!" ఎందుకమ్మ అమ్మ దగ్గర పెన్ను లాక్కుంది. మందు ఎన్నాళ్లదో తెలియాలని సీసా చీటీ మీద ఆ రోజు తేదీ రాసింది. మూత బిగించి, ఇంకోసారి బిగించి, అప్పుడిచ్చింది.

"ఇప్పుడయ్యావే డాక్టరువి," అన్నాడు తాతయ్య. రైలు కదిలింది.

ఇంటికి రాగానే ఎందుకమ్మ బీరువా తెరిచింది. ఒక కలరా ఉండని గాజు సీసాలో మూత బిగించి పెట్టింది. ఇంకో ఉండని బయట చిన్న మూతలో పెట్టింది. రెండూ ఎంతెంత ఉన్నాయో నోటుబుక్కులో బొమ్మ గీసింది. తర్వాత పదార్థాల పాఠం తెరిచి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది.

తాతయ్య పదో రోజున క్షేమంగా తిరిగి వచ్చాడు. బయటి ఉండ అప్పటికే బాగా చిక్కిపోయింది. సీసాలోది అలాగే ఉంది. మనవరాలు నోటుబుక్కు చూపిస్తే ఇద్దరూ కూర్చుని బొమ్మలు పోల్చుకున్నారు. ఆ తర్వాత ఆయన వెళ్లిన ప్రతి ప్రయాణానికీ మందులు సర్దింది ఎందుకమ్మే. కొత్త మందు వస్తే ముందు షాపు అత్తని "ఎందుకు?" అని అడిగేది, ఆ తర్వాతే సంచిలో పెట్టేది.

మెడికల్ కాలేజీకి బయల్దేరిన రోజు ఎందుకమ్మ తన సంచి తానే సర్దుకుంది. బట్టల మీద కెమిస్ట్రీ పుస్తకం, దాని పక్కన ఖాళీ గోధుమరంగు సీసా.

తాతయ్య అది చూడలేదు. ఆమెకి పన్నెండేళ్లప్పుడు, వానలు మొదలైన వారంలో ఒక గురువారం, ఆయన మళ్లీ స్నేహితుణ్ణి చూడటానికి రైలెక్కాడు. జేబులో సీసా ఉంది. మందు మంచిదే. మూత బిగించే ఉంది. కానీ దారిలో నిద్రలోనే గుండె ఆగి, ఆయన తిరిగి రాలేదు.