తరగని నీళ్ళ క్యాను

నార్సింగి రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకునే మే నెలలో, లావణ్య రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది. ఆ వణుకుకి మంచమూ, మంచం పక్క బల్లా, బల్ల మీది మందు సీసాలూ కలిసి భజన చేస్తున్నాయంటే కాస్త ఎక్కువేమో గానీ, పూర్తిగా అబద్ధం మాత్రం కాదు. హాల్లో ల్యాప్‌టాప్ ముందు మీటింగులో ఉన్న భర్త వంశీ కెమెరా ఆపేసి పరుగెత్తుకొచ్చాడు. అత్త కమలమ్మ కోడలి నుదుటి మీద చెయ్యి వేసి, నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కుంది.

"మళ్ళా వచ్చిందిరా..." అంది కొడుకుతో.

ఏం వచ్చిందని ఎవరూ అడగలేదు. మూత్రంలో ఇన్ఫెక్షను. ఇది మూడోసారి.

చలికాలంలో లావణ్యకు నడుములో డిస్కు జారి నరాన్ని నొక్కేసింది. ఆపరేషన్ అయ్యాక కాళ్ళు లేచాయి, నడిచాయి. మూత్రసంచికి వెళ్ళే నరం మాత్రం లేవలేదు. నిండినా కబురు చెప్పదు, దానంతట అది ఖాళీ కాదు. సన్నటి గొట్టం తనకు తానే పెట్టుకుని, ఖాళీ చేసుకుని, తీసి పారేయాలి. కాథెటర్ అంటారు దాన్ని. మొదటిసారి పెట్టుకున్న రోజు లావణ్య బాత్రూంలో అద్దం పట్టుకుని ఎంతసేపు ఏడ్చిందో ఆ అద్దానికే తెలియాలి. నిన్నటిదాకా పదిమంది టీముని ఒంటిచేత్తో నడిపిన మనిషి... తన ఒంట్లోని చుక్క నీరు తన మాట వినడం లేదు!

ఆసుపత్రిలో డాక్టర్ రోహిణి రిపోర్టులు చూసి కళ్ళజోడు తీసింది. రోజూ ఎన్నిసార్లు ఖాళీ చేసుకుంటున్నావు, నీళ్ళెన్ని తాగుతున్నావు అని అడిగింది. లావణ్య పక్కనే నిలబడ్డ అత్తను ఒక్కసారి చూసి, తల దించుకుని, మీరు చెప్పినట్టే చేస్తున్నానండీ అంది. డాక్టరుకు నమ్మకం కుదిరినట్టు లేదు.

"ఇలాగే జ్వరాలొస్తుంటే కిడ్నీల దాకా పోతుంది, లావణ్యా. నీ చేతిమీదుగా సరిగా ఖాళీ కావడం లేదనుకుంటే, కొన్నాళ్ళు గొట్టం లోపలే ఉంచి సంచీ తగిలించాల్సి వస్తుంది. దానికి మళ్ళీ దాని ఇన్ఫెక్షన్లు దానికుంటాయి. నాకూ ఇష్టం లేదు."

సంచీ! కాలికి కట్టుకుని తిరిగే సంచీ! వచ్చే నెలలో హైటెక్ సిటీ ఆఫీసుకు తిరిగి వెళ్ళాలని, తన కాళ్ళ మీద తాను లిఫ్టెక్కి తన సీట్లో కూర్చోవాలని, అదొక్కటే కోరికతో రోజులు నెట్టుకొస్తోంది లావణ్య. ఆ మాట విన్నాక చున్నీ అంచు మెలిపెట్టి, విప్పి, మళ్ళీ మెలిపెట్టి...

వెనక్కి వస్తుంటే గచ్చిబౌలి దగ్గర ట్రాఫిక్కు. ఆ ట్రాఫిక్కులో నిలబడ్డ కార్లో పుట్టిన పిల్లాడు దిగేసరికి బడికి పోయే వయసుకొస్తాడు. విసుగులో వంశీ నోరు జారాడు.

"చేతులు సరిగ్గా కడుక్కుంటున్నావా అసలు?"

లావణ్య సబ్బుతో రుద్ది రుద్ది మన్ను పగిలినట్టు పగిలిన అరచేతులు రెండూ ఒడిలో బోర్లా పెట్టుకుంది. కమలమ్మ వెనక సీట్లోంచి కొడుకు భుజం మీద గట్టిగా చరిచింది గానీ, ఆమె కళ్ళల్లోనూ అదే అనుమానం. శుభ్రం తక్కువైందేమోనని ఆమె ఇంట్లో తువ్వాళ్ళన్నీ రోజూ ఉడకబెట్టింది. బాత్రూం కడిగి కడిగి టైల్సు మీది పువ్వుల రంగు పోగొట్టింది. అయినా జ్వరం వచ్చింది. ఎవరి పాపం ఇది? ఎవరి దిష్టి?

కొత్త మందులకు జ్వరం దిగింది. లావణ్య మనసులో బరువు మాత్రం దిగలేదు. మంచం మీద నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి వంటింటికి, అక్కడ ఏమీ తీసుకోకుండా మళ్ళీ మంచానికి. ఇంట్లో అందరూ పిల్లుల్లా అడుగులు వేస్తున్నారు. ఒక్క మామ తిమ్మప్ప తప్ప. ఆయనకు చప్పుడు చేయకుండా ఉండటం పుట్టుకతోనే రాలేదు.

ఆ రోజు మంచినీళ్ళ క్యాను కుర్రాడు బెల్లు కొడితే, తిమ్మప్ప పాత క్యాను ఖాళీ అయిందనుకుని ఎత్తబోయి, నడుము పట్టుకుని కూలబడ్డాడు. అది ఇంకా సగానికి పైగా నిండుగానే ఉంది.

"ఏమే కమలా, ఈ ఇంట్లో మనుషులు కాపురం ఉండారా, ఒంటెలు ఉండాయా? ఈ ఎండల్లో క్యాను తరగదేందే?" అని మొదలుపెట్టాడు. ఇక ఆయన్ను ఆపేదెవరు! వాళ్ళ పెద్దనాయన ఒకప్పుడు కదిరి తిరునాళ్ళలో ఒంటెను కొనుక్కొచ్చాడట. వారానికొక్కసారి నీళ్ళు తాగి మహా గర్వపడేదట. ఒకనాడు ఊరి ఆడవాళ్ళు పొద్దున కోడి కూయకముందు బయటికెళ్ళి, మళ్ళీ చీకటి పడేదాకా చుక్క నీళ్ళు ముట్టకుండా వేరుశనగ చేలో కలుపు తీయడం చూసి, సిగ్గుతో ఆ రాత్రే తాడు తెంపుకుని రాజస్థాన్ పోయిందట.

"ఆ ఒంటెను తరిమిన వాళ్ళల్లో మీ అత్తే ముందు," అన్నాడు కోడలి వైపు తిరిగి, నవ్విద్దామని.

లావణ్య నవ్వలేదు. గోడకు ఆనుకుని అలాగే జారి కూర్చుంది.

"నేనూ అంతే మామా. నీళ్ళు తాగడం లేదు. తెల్లారకముందొకసారి, చీకటి పడ్డాక ఒకసారి ఖాళీ చేసుకుంటున్నాను. మధ్యలో... వదిలేస్తున్నాను."

కమలమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఆపరేషనై ఇంటికొచ్చిన కొత్తలో, బాత్రూం బయట నిలబడి లోపల కోడలి ఏడుపు వినలేక, తానే చెప్పింది. నీళ్ళు తగ్గించుకో పాపా, లోపలికి పోకుంటే బయటికొచ్చేదీ ఉండదు, ఆ గొట్టం బాధ తప్పుతుంది, మేమంతా అట్లే బతికినాం... ప్రేమతోనే చెప్పింది. గుండె తరుక్కుపోయి చెప్పింది!

"నేను చెప్పిన దానికా?" అంది నెమ్మదిగా. "డాక్టరమ్మ అంత అడిగింది కదా పాపా. ఎందుకు చెప్పలేదు?"

"నీ పేరు చెప్పాల్సొస్తుంది కదత్తా."

కమలమ్మ చెంబు కింద పెట్టి కోడలి పక్కన నేల మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. తానూ ఎన్ని వేసవులు మంటతో, పొత్తికడుపు నొప్పితో మెలికలు తిరిగిందో, ఎవరికీ చెప్పకుండా ఎన్ని గ్లాసుల మజ్జిగ తాగి ఊరుకుందో గుర్తొచ్చింది.

"ఓర్పనుకుంటిమి పాపా. ఊరు ఊరంతా మమ్మల్ని మెచ్చుకుంటే నిజమే అనుకుంటిమి. ఓర్పూ కాదు, పాడూ కాదు. మాకు బయలుకు పోవడమే గానీ, తలుపున్న గది లేదు. అంతే."

తిమ్మప్ప జన్మలో మొదటిసారి చెప్పడానికి కథ లేక తల వంచుకున్నాడు. వంశీ వచ్చి లావణ్య అరచేతులు రెండూ తిప్పి చూశాడు. ఆ పగుళ్ళు చూసి, కొబ్బరినూనె సీసా తెచ్చి పక్కన కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే డాక్టరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆవిడ కోప్పడలేదు. శుభ్రం మంచిదే, అదొక్కటే చాలదు, లోపల నిలవున్న నీటిలోనే క్రిములు పెరుగుతాయి అని విడమర్చింది. నీళ్ళు రోజంతా కొంచెం కొంచెంగా తాగాలి. నాలుగు గంటలకోసారి, మహా అయితే ఆరు గంటలకోసారి ఖాళీ చేసుకోవాలి, నిండేదాకా చూడకూడదు. చేతులు కడుక్కుని, ముందు నుంచి వెనక్కి శుభ్రం చేసుకుని, ప్రతిసారీ కొత్త గొట్టం, దాని కొన ఎక్కడా తగలనివ్వకుండా. ధార ఆగింది కదాని లాగేయకుండా నిదానంగా తీయాలి, ఇంకాస్త వస్తే అక్కడే ఆగాలి. మంటగానీ చలిగానీ అనిపిస్తే ఇంట్లో మిగిలిన మాత్రలు మింగకుండా వెంటనే ఫోన్ చేయాలి. ఆ చివరి మాటకు, పోపుల డబ్బాలో దాచిన పాత మాత్రలు కమలమ్మ తీసి చెత్తలో వేసింది.

అనుకున్న నెలలోనే లావణ్య ఆఫీసుకు వెళ్ళింది. బ్యాగులో గొట్టాలు పెట్టుకునే చిన్న పువ్వుల సంచీ. మీటింగు ఎంత ముఖ్యమైనదైనా, వేళకి ఫోను ఒక్కసారి మోగి ఆగిపోతుంది. తెర మీద 'అత్త'. లావణ్య పువ్వుల సంచీ తీసుకుని లేస్తుంది. ఆ మిస్డ్ కాల్ తప్పిన రోజు సూర్యుడు కూడా మాదాపూర్ మీద ఉదయించడని తిమ్మప్ప అపార్ట్‌మెంటు అంతా చెప్పి వచ్చాడు.

చెకప్ రోజు కోడలికి తోడుగా కమలమ్మే వెళ్ళింది. రిపోర్టు శుభ్రంగా వచ్చింది. కాలికి కట్టే సంచీ మాట డాక్టరు ఎత్తనే లేదు. తిరిగి వస్తూ మెట్రో స్టేషను మెట్ల దగ్గర ఇద్దరూ ఒక బాటిలు నీళ్ళు పంచుకుని తాగారు. లావణ్య ఆశ్చర్యంగా చూసింది. ఇల్లు కదిలితే గొంతు తడుపుకోని అత్త, ఆఖరి చుక్క దాకా ఎత్తి తాగింది.

లోపలికెళ్ళాక కమలమ్మ కాసేపు అటూ ఇటూ నడిచింది. కొంగు సర్దుకుంది. ఆగింది. మళ్ళీ నడిచింది. చివరికి, అరవయ్యేళ్ళుగా మగవాళ్ళ ముందు అనని మాట, సెక్యూరిటీ మనిషి ముందు నిలబడి గట్టిగానే అడిగేసింది.

"ఏమప్పా, ఆడోళ్ళ బాత్రూం యాడుంది?"

"గిట్ల సీదా పో అమ్మా, ఎడమకు," అన్నాడతను, ఇదేమంత పెద్ద సంగతన్నట్టు.

కమలమ్మ వెనక్కి తిరిగి కోడలికి చెయ్యి చాచింది.

"నీకూ వేళైంది కదా. రా పాపా. తలుపుంది."