పరగడుపు రక్తం

పొద్దున్నే ఆ ప్రభుత్వ ల్యాబ్‌లో ఫినాయిల్ వాసన. వరండా నిండా పరగడుపున వచ్చిన జనం. లోపల రక్తంలో షుగరూ ఉప్పులూ చూసే మెషీన్ ముందు టెక్నీషియన్ కూర్చుంది. వాళ్ళమ్మ పోయినప్పటినుంచి ఆమెకి ఏదీ ఒంటికి పట్టడం లేదు. ఏడుపూ రాలేదు. తింటే తిన్నట్టు, లేకపోతే లేనట్టు. పనిలో మాత్రం చెయ్యి తడబడేది కాదు.

మబ్బు కమ్మి గది మసకబారుతుండగా ఒక ట్యూబు తేడా చూపించింది. షుగర్ సున్నా. పొటాషియమేమో మెషీన్ కొలవలేనంత. ఊపిరి ఆగిన ఒంట్లో రక్తం అలా మారుతుందని ఆమెకు తెలుసు.

"శాంపిల్ పాడైనట్టుంది, మళ్ళీ తియ్యి," అంది రక్తం తీసే నర్సుతో.

"ఇది రెండోసారి తీసిందే అక్కా. మనిషి నిక్షేపంగా ఉంది. కావాలంటే నువ్వే చూడు."

టెక్నీషియన్ వరండాలోకి వెళ్ళింది. బెంచీ చివర, చెవులకి బాలింత గుడ్డ కట్టుకున్న ఓ పడుచు తల్లి. పక్కవాళ్ళు ఎందుకో జరిగి జరిగి అవతలి కొసకి చేరారు. తడిమట్టి వాసన... వాన ఇంకా పడనే లేదు.

టెక్నీషియన్ ఆ తల్లి చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. నాడి వెతికింది. మళ్ళీ వెతికింది... లేదు.

"దొరకదమ్మా," గుసగుసగా అంది ఆ తల్లి. "నేనూ చూసుకున్నాను. ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడటం లేదు. గడప దాటి ఇంట్లోకెళ్ళబోతే కాలు లేవడం లేదు. లోపల పాప ఏడుస్తోంది. బాగానే ఉన్నావని ఎవరైనా ఒక్కమాట అంటే వెళ్ళిపోతాను."

భయపడాల్సిన చోట టెక్నీషియన్‌కి భయం రాలేదు. మంచంలో ఉన్న అమ్మకి కూడా చివరిదాకా అదే మాట చెప్పుకొచ్చింది. అలవాటైన నోరు దానంతటదే పలికింది.

"బాగానే ఉన్నావు. ఇంటికెళ్ళు తల్లీ."

ఆ ముఖం విప్పారింది. లేచి, చప్పుడు లేకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ టెక్నీషియన్ ఆగిపోయింది. పాప ఏడుస్తోంది అంది కదా... ఇప్పుడు ఎత్తుకుని ఉంటుంది. పాలిస్తూ ఉంటుంది. ఎవరికి చెప్పాలి? ఏమని చెప్పాలి? ముద్ద నోట్లో పెట్టుకుంది. రుచి తెలియలేదు.

మర్నాడు నర్సు ఓ చిన్న ట్యూబు తెచ్చింది.

"నిన్నటావిడే అక్కా. పాపని ఎత్తుకొచ్చింది. ఎంత బుద్ధిమంతురాలో, సూది గుచ్చినా కిక్కురుమనలేదు."

టెక్నీషియన్ ట్యూబు అందుకుంది. ఇప్పుడే తీసిన రక్తం... ఐసుముక్కలా ఉంది.

"మొగుడూ అత్తగారూ కూడా వచ్చారు. ఒక్కరూ నోరు మెదపరు. నువ్వొచ్చి ఒక్కమాట చెబితే చాలంది ఆవిడ." నర్సు కాస్త ఆగింది. "అదేంటో అక్కా... బెంచీ మధ్యలో ఒక మనిషి చోటు వదిలేసి కూర్చున్నారు. ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు, నీకేనట."