నూట నలభై నాలుగు స్లయిడ్లు

"ఇది సింహం," అన్నాడు జగదీష్, ప్రొజెక్టర్ మీట నొక్కి.

గోడకి గుచ్చిన దుప్పటి మీద పచ్చగా, మసగ్గా ఏదో వెలిగింది. సింహం ఉంటే ఉండొచ్చు. లేకపోతే లేకపోవచ్చు.

ఇది యాభై ఎనిమిదోది. ఇంకా ఎనభై ఆరున్నాయి. వసుమతికి ఒళ్లు మండిపోతోంది.

పెళ్లయి ఆరు వారాలు. విజయవాడలో పెళ్లి, తిరుగు ప్రయాణంలో కెన్యాలో దిగి మూడు రోజుల సఫారీ, ఆపైన ఐసెలిన్‌లో ఈ అపార్ట్‌మెంట్ కాపురం. ఇద్దరివీ అమెరికా ఉద్యోగాలే. పెళ్లికి ముందు రెండుసార్లు కలుసుకున్నారు, రెండుసార్లూ నవ్వుకున్నారు, సరేననుకున్నారు. "హనీమూన్‌కి నయాగరా అందరూ వెళ్తారు, మనం నేషనల్ పార్కుకి వెళదాం" అని అతనంటే ఎంత మురిసిపోయిందో, పిచ్చిమొహం!

తీరా జరిగిందేమిటి? మొదటి రోజు సాయంత్రం నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుని, లాడ్జి వరండాలో నిలబడి చెయ్యూపింది. అయ్యగారు ఆమె ముందునుంచే నడిచి లోపలికి వెళ్లిపోయారు. కట్టుకున్న పెళ్లాం కనబడలేదట! మిగతా రెండు రోజులూ కొత్త ఆటోఫోకస్ కెమెరా కంటికి అంటించుకునే కూర్చున్నాడు. "అదిగోనండీ చిరుత" అంటే క్లిక్కు. "ఇటు చూడండి, ఏనుగులు" అంటే క్లిక్కు. ఆ కెమెరా ఒక్కసారి తనవైపు తిప్పితే ఈయన సొమ్మేం పోయింది?

ఆమె హ్యాండ్‌బ్యాగులో ఒక ఉత్తరం ఉంది. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో అన్నయ్య ఇంటి దగ్గరి హాస్పిటల్లో ఏడాదిపాటు ఫార్మసిస్ట్ ఉద్యోగం. రేపు సోమవారం ఫోన్ చేసి జవాబు చెప్పాలి. వసుమతి ఒక లెక్క పెట్టుకుంది. ఈ నూట నలభై నాలుగింట్లో తన మొహం ఒక్కదాన్లో కనబడినా ఇక్కడే ఉంటుంది. లేదంటే మిషిగన్.

"నాయనా, అమ్మాయి ఫోటో రాదేం?" అంది నాగమణిగారు. పై ఫ్లోర్ దామోదర్ తల్లి ఆవిడ. కొడుకు దగ్గర ఆర్నెల్లుందామని తెనాలి నుంచి వచ్చింది.

"ముందు ఈ జీబ్రాలు చూడండి పిన్నిగారూ. అబ్బ, ఎన్ని ఉన్నాయో!"

"మీరే కదండీ తీసింది?" అంది వసుమతి.

"అంటే... ఆఁ, అవుననుకో."

"జీబ్రాల మాట దేవుడెరుగు," అంది పెద్దావిడ. "ప్రతి బొమ్మలోనూ ఆ మూల ఒక చెయ్యి ఉంది చూశావూ? గాజులు ఎంత బాగా పడ్డాయో. మధ్యలోది రాళ్లగాజు. జంతువులే అలికేసినట్టున్నాయి."

"అది వసూ చెయ్యి. ఆటోఫోకస్ దగ్గరున్నదాన్నే పట్టుకుంటుంది, నేనేం చేయను?"

"బ్రదర్, ఇంకా ఎన్నున్నాయి?" అన్నాడు దామోదర్, ఆవలింత ఆపుకుంటూ.

చివరికి నూట నలభై నాలుగోది కూడా పడింది. ఖడ్గమృగం వెనకభాగం. వసుమతి లేచి లైటు వేసింది.

"నేను మిషిగన్ జాబ్ తీసుకుంటున్నానండీ. రేపే చెప్పేస్తాను."

బయట వాన పడుతోంది. దామోదర్ గొడుగు వెతుక్కోబోయాడు.

"మనం వెళ్లేది పైకేరా, గొడుగెందుకు? పద," అని నాగమణిగారు కొడుకుని లాక్కుపోయింది.

జగదీష్ బాత్‌రూములోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి అతని మొహం మీద సోడాబుడ్డి అద్దాలు! ఆ వెనక కళ్లు చిన్న చిన్న ఆవగింజల్లా ఉన్నాయి.

"ఇవేమిటి?"

"నావే. చిన్నప్పట్నుంచీ ఉన్నాయి. పెళ్లిచూపులకి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకొచ్చా. నీ కంట పడతాయని ఇవి ఇక్కడే సొరుగులో దాచి పెళ్లికి వచ్చా. మొదటి రోజే లాడ్జిలో లెన్సులు రెండూ సింకులో కొట్టుకుపోయాయి. ఇక్కడికొచ్చాకే కొత్తవి కొన్నా, ఇప్పుడవి తీసేసొచ్చా."

వసుమతి కుర్చీలో కూలబడింది. "వరండాలో నేను చెయ్యూపితే..."

"నీలం కర్టెన్ అనుకున్నా వసూ. గాలికి ఊగుతోందేమోనని."

"కర్టెనా! నేనా! మూడు గంటలు పట్టింది ఆ చీర ఇస్త్రీకి! మరి ఆ జంతువులు?"

"ఒక్కటీ కనబళ్లేదు. నీ వేలు ఎటు పోతే అటు నొక్కా. ఇవాళే నేనూ మొదటిసారి చూడటం."

నవ్వాలో తన్నాలో ఆమెకి తెలియలేదు. "నోరు తెరిచి చెప్తే ఏం పోయింది? సరే, నా ఫోటో ఒక్కటైనా తీయలేదేం?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కనబడనివాటికే కదా కెమెరా? నువ్వు నా భుజానికి ఆనుకుని కూర్చున్నావు. ఆ మూడు రోజుల్లో నేను సరిగ్గా చూసింది నిన్నొక్కదాన్నే. నీ ఎడమ కనుబొమ్మకి ఎర్రదుమ్ము అంటింది, తుడుచుకుంటే ఇంకా పాకింది. హిప్పో ఆవలిస్తే నువ్వూ ఆవలించావు. వెళ్లకు వసూ. కళ్లద్దాలున్నాయని ముందే చెప్పాల్సింది. భయమేసింది."

వసుమతి కళ్లు తుడుచుకుని లేచింది. అతని అద్దాలు లాగేసి, గది ఆ చివరికి వెళ్లి నిలబడింది.

"కనబడుతున్నానా, అబద్ధాలకోరూ?"

"కర్టెన్‌లా."

నాలుగడుగులు వేసింది. "ఇప్పుడు?"

"ఊహూఁ."

ఇంకా దగ్గరికొచ్చింది. ఇంకా. అతని ఊపిరి ఆమె చెంపకి తగిలింది.

"ఇప్పుడు కనబడుతున్నావు," అన్నాడు.

మర్నాడు మిషిగన్‌కి ఫోన్ చేసి రానని చెప్పింది. ఎందుకని వాళ్లు మర్యాదగానే అడిగారు.

"మా ఇంట్లో ఒకాయన ఉన్నారు," అంది వసుమతి. "నేను వేలు పెట్టి చూపిస్తే తప్ప ఆయనకి ఏనుగు కూడా కనబడదు."