సరస్వతి గొంతు

మెట్లెక్కి వచ్చిన సాంబయ్య చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. హన్మకొండ చౌరస్తాలోని ఆ మేడమీది గదిలో ప్రైవేట్ డిటెక్టివ్ రాజేశ్వర్ రావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. అసిస్టెంట్ విజయలక్ష్మి కుర్చీ జరిపింది.

"నా సినిమాల ఒక రీలు పోయింది సార్. రేపు కమిటీ వస్తాంది," అన్నాడు సాంబయ్య.

తాతల నాటి బట్టల దుకాణం వదిలేసి, వరంగల్ వీధుల్లో, ఇక్కడి మనుషులతోనే అతను ఒక సినిమా తీశాడు. రాష్ట్రంలో తయారయ్యే సినిమాలకు సర్కారు ఇచ్చే చేయూత దానికి దక్కాలా వద్దా అన్నది హైదరాబాద్ నుంచి వచ్చే కమిటీ చూసి తేలుస్తుంది. ఉన్నది ఒక్కటే ప్రింటు. నటించినవాళ్లకు, వాళ్ల ఇంటివాళ్లకు నిన్న మధ్యాహ్నం స్టేషన్ రోడ్డు టాకీసులో వేసి చూపించాడు. పొద్దున చూస్తే ఆఖరుకు ముందు రీలు డబ్బా ఖాళీ. ప్రొజెక్టర్ గది తాళం ఆపరేటర్ రాంచందర్ దగ్గరే ఉంటుంది కాబట్టి, సాయంత్రంలోగా రీలు దొరక్కపోతే అతన్ని పోలీసులకు అప్పగిస్తానని టాకీసు యజమాని అంటున్నాడు.

ఆ రీల్లో ఏముందని రాజేశ్వర్ రావు అడిగాడు. సాంబయ్య గొంతు తగ్గింది. కథానాయికగా వేసిన సరస్వతి కాశిబుగ్గ నేతన్నల అమ్మాయి. షూటింగ్ అయిపోయాక కామెర్లతో చనిపోయింది. ఆమె మాటలు మద్రాసులో ఇంకో అమ్మాయితో చెప్పించారు. పోయిన రీల్లో ఆమె కథలోని తల్లి దగ్గర సెలవు తీసుకుంటుంది.

టాకీసులో ప్రొజెక్టర్ గది తాళం చెక్కుచెదరలేదు. మిగతా రీళ్లన్నీ భద్రంగానే ఉన్నాయి. ఖాళీ డబ్బా మూత అంచుకు బిరుసైన తెల్లని నూలుపోగు ఒకటి చిక్కుకుని ఉంది. రాజేశ్వర్ రావు దాన్ని విజయలక్ష్మికి అందించాడు. గంజి వాసన వస్తోందని ఆమె చెప్పింది.

"నిన్న ఈ గదిలకు ఎవరొచ్చిన్రు?" అని రాజేశ్వర్ రావు ఆపరేటర్‌ను అడిగాడు.

రాంచందర్ తటపటాయించాడు. "ఆఖరి రీలు నడుస్తాంటె సరస్వతి వాళ్ల అవ్వ మొగిలమ్మ వచ్చింది సార్. కండ్లు తిరుగుతానయంటె కూసోబెట్టి నీళ్లకు పోయిన. బయటోళ్లను రానిచ్చినని తెలిస్తె నౌకరి పోతదని చెప్పలే."

"అప్పటికే నడిచిన రీలు ఏడ వెట్టినవ్?"

"డబ్బాల వెట్టి అన్నిటి మీద వెట్టిన."

"ఆమె చేతుల ఏమన్న ఉన్నదా?"

"నూలు మూట."

కన్నకూతురు ఉన్న రీలును తల్లి ఎందుకు దొంగిలిస్తుందో విజయలక్ష్మికి అంతుపట్టలేదు. మొగిలమ్మను తీసుకురమ్మని రాజేశ్వర్ రావు ఆమెను కాశిబుగ్గకు పంపాడు.

సాయంత్రం ఖాళీ హాల్లో యజమాని, సాంబయ్య, రాంచందర్, మొగిలమ్మ కూర్చున్నారు. అమ్ముకోవాలనుకున్నవాడు రీళ్లన్నీ ఎత్తుకుపోయేవాడని, సినిమాను చెడగొట్టాలనుకున్నవాడు మిగతావాటినీ పాడుచేసేవాడని రాజేశ్వర్ రావు చెప్పాడు. ఈ రీలు తీసుకుపోయిన మనిషికి అప్పుడే తెర మీద చూసిన ఆ ఒక్క ఘట్టమే కావాలి. ఆ డబ్బా అన్నిటికన్నా పైనే ఉంది. ఇనుప డబ్బా మూటలో చప్పుడు చేస్తుందని దాన్ని వదిలేసి, రీలును గంజి పట్టించిన నూలులో చుట్టుకుపోయారు. రాంచందర్‌కు ఇందులో ఏ సంబంధమూ లేదు.

"నేనే తీసిన సారూ," అంది మొగిలమ్మ. కూతురి చీరలో చుట్టిన రీలు ఆమె ఒళ్లోనే ఉంది. "నా బిడ్డ ఏనాడు నన్ను అమ్మా అని పిలువలే. అవ్వా అనేది. బొమ్మల దాని పెదవులు అవ్వా అనే అంటానయ్. గొంతు మాత్రం ఇంకెవలిదో, అమ్మా అంటాంది. సచ్చిపోయిన పిల్ల నోట్లె పరాయి మాట పెట్టిన్రు. అది లోకమంత వినొద్దనుకున్న."

అవ్వా అంటే తల్లిని పిలిచినట్టు కమిటీకి అర్థం కాదని ఆ మాట మార్పించింది సాంబయ్యే. మొగిలమ్మ రీలు అతని చేతికిచ్చి కళ్లు తుడుచుకుంది. యజమాని రాంచందర్ భుజం మీద చెయ్యి వేశాడు.

మర్నాడు ఆ రీలు వచ్చేసరికి సౌండు ఆగిపోయింది. మిషన్ చెడిందా అని కమిటీవాళ్లు వెనక్కి తిరిగి అడిగారు. సాంబయ్య లేచి నిలబడ్డాడు.

"మిషన్ మంచిగనే ఉన్నది సార్. ఆ పిల్ల గొంతు మా దగ్గర లేదు."

తెర మీద సరస్వతి పెదవులు కదిలాయి. "ఆఁ బిడ్డా," అని మొగిలమ్మ మెల్లగా పలకడం వెనక వరసలో ఉన్న విజయలక్ష్మికి వినిపించింది.

ఒక రీలుకు శబ్దం లేదన్న కారణంతో ఆ సినిమాకు సర్కారు చేయూత దక్కలేదు. సరిచేసి మళ్లీ పంపమన్నారు. సాంబయ్య మాత్రం ఆ రీలుకు మరో గొంతు పెట్టించలేదు.