రెండువేల మూడువందల ముఖాల ఫైలు

తొమ్మిది శాతం దగ్గర బొమ్మ మళ్ళీ ఆగిపోయింది.

"చూశారా మేడమ్? నా పాత డబ్బా కంప్యూటర్ కూడా ఇంత ఏడిపించలేదు," అన్నాడు గౌరునాయుడు. పార్వతీపురంలో ఫోటో స్టూడియో ఆయనది.

డాక్టర్ మంజీర తెర మీంచి చూపు తిప్పలేదు. పరీక్ష కోసం ఆ స్టూడియోలో పెట్టిన కాంతి కంప్యూటర్‌ను తయారుచేసిన శాస్త్రజ్ఞుల్లో ఆమె ఒకరు. మామూలు కంప్యూటర్లో లెక్కలు చేసేది విద్యుత్తు; ఇందులో వెలుగే ఆ పని చేస్తుంది. 2049లో దాన్ని మించిన వేగం ఇంకెక్కడా లేదు. అలాంటిది ఒక్క ముఖం దిద్దలేక గంట నుంచి అవస్థ పడుతోంది.

ఆ ముఖం సన్యాసినాయుడిది. బెల్లం వండే ఆ మనిషి బతుకులో ఒకేసారి ఫోటోలో పడ్డాడు. గానుగ దగ్గర పదిమందిలో ఒకడిగా, కళ్ళ మీద తలపాగా నీడ, గడ్డమేమో ముందువాడి భుజం వెనక. ఆ ఫోటో కూడా నిన్ననే ఒక వ్యాపారి ఇంట్లో దొరికింది. ఈరోజు ఆయన పెద్దకర్మ. రెండింటికి భోజనాలు. ఆలోగా దండ వెయ్యడానికి ఆయన ముఖం కావాలని భార్య నరసయ్యమ్మ పొద్దుటే వచ్చి బల్ల మీద కూర్చుంది.

"అవుతాదా తల్లీ?"

"అవుతుందమ్మా. అయ్యేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

తప్పు వెతకడానికి ఒక పద్ధతుంది. ఒకసారికి ఒకటే మార్చి చూడాలి. రెండు కలిపి మార్చామనుకోండి, దేనివల్ల బాగైందో ఎప్పటికీ తెలియదు. మంజీర మెమరీ మార్చింది. తేడా లేదు. పాతది తిరిగి పెట్టేసి, సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించింది. ఊహూఁ. అప్పుడు వేరే పెళ్ళి ఫోటో తెరిచింది. చిటికెలో దిద్దేసింది యంత్రం.

"అయితే జబ్బు యంత్రానిది కాదు. ఈ ఫైలుది," అంటూ లేయర్ల పట్టిక తెరిచింది.

లేయర్ అంటే గాజుపలక అనుకోండి. బొమ్మలు గీసిన పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి పైనుంచి చూస్తే అన్నీ కలిసి ఒకే బొమ్మలా కనిపిస్తాయి. వద్దనుకున్న పలకను కనబడకుండా దాచెయ్యొచ్చు కూడా. ఆ ఫైల్లో దాచిన పలకలు రెండువేల మూడువందల పదహారు! ప్రతిదాని మీదా ఒక ముఖం.

"వీళ్ళంతా ఎవరండీ?"

గౌరునాయుడు తల గోక్కున్నాడు. "ఇరవయ్యేళ్ళుగా ఊళ్ళో పోయినవాళ్ళు మేడమ్. దండ, దీపం, అంచు అన్నీ ఇందులో సిద్ధంగా ఉంటాయి కదా. పాతాయన్ని దాచేసి, కొత్తాయన్ని పైన పెడతాను."

"తీసెయ్యొచ్చుగా?"

"పోయిన మనిషిని మళ్ళీ డిలీట్ కొట్టమంటారా? చేతులు రాలేదండీ."

పాత సాఫ్ట్‌వేర్ కంటికి కనిపించే పలకనే చూసేది. ఈ యంత్రంలోని కొత్తది అలా కాదు. ముఖంలో లేని భాగాన్ని పూరించాలంటే, ఫైల్లో ఉన్న ముఖాలన్నిటినీ, దాచినవాటితో సహా, ఒక్కొక్కటే కొలిచి చూస్తుంది. ఆలస్యమంతా అక్కడ.

మంజీర కొత్త ఫైలు తెరిచి సన్యాసినాయుణ్ణి ఒక్కణ్ణే అందులో పెట్టింది. నాలుగు సెకన్లు. ముఖం మెరిసిపోతూ వచ్చింది.

నరసయ్యమ్మ దగ్గరకొచ్చి చూసింది. "ఎవుడమ్మా ఈ సినిమావోడు?"

మంజీరకు విషయం అర్థమైంది. పోల్చుకోవడానికి పక్కన ఇంకో ముఖం లేక, కంపెనీ నేర్పిన నున్నటి గడ్డాల్లోంచి ఒకటి తెచ్చి అతికించింది యంత్రం.

"కాస్త రంగు తగ్గించి ఇచ్చేద్దాం మేడమ్. పదకొండయింది," అన్నాడు గౌరునాయుడు గొంతు తగ్గించి.

"వద్దు. ఆవిడ అడిగింది ఈ మనిషిని కాదు."

మంజీర ఊరి ముఖాలన్నీ ఉన్న పాత ఫైలే మళ్ళీ తెరిచింది. యంత్రంలో నడుస్తున్న మిగతా పనులన్నీ ఆపేసింది. తెరను కూడా ఆర్పేసింది, ఆ బలమూ ముఖానికే వెళ్ళాలని. ప్రపంచంలోకెల్లా వేగమైన యంత్రం ముందు ముగ్గురూ చేతులు కట్టుకుని కూర్చున్నారు.

పన్నెండూ నలభైకి తెర వెలిగింది. ఎండకు కమిలిన ముఖం. కొద్దిగా ఎడమకు వంగిన గడ్డం.

నరసయ్యమ్మ లేచి తెరను తడిమింది. "ఈయనే. ఈ గడ్డమే." "యాడినుంచొచ్చినాది తల్లీ ఇది?" అంది.

ఏ ముఖం నుంచి ఎంత తీసుకుందో యంత్రం రాసి పెట్టుకుంటుంది. మంజీర అందులో మొదటి పేరు పైకే చదివింది. "అప్పలసూరి."

గౌరునాయుడు దగ్గాడు. అప్పలసూరి సన్యాసినాయుడికి స్వయానా అన్న. పొలం గట్టు దగ్గర మొదలైన తగువుతో రెండిళ్ళకూ పంతొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. నాలుగేళ్ళ కిందట ఆయన పోతే వీళ్ళు వెళ్ళలేదు. ఈరోజు భోజనాలకు వాళ్ళను పిలవలేదు.

"గడ్డం దాదాపు ఆయనదేనమ్మా," అంది మంజీర నెమ్మదిగా. "మీకు వద్దనిపిస్తే ఆ ఒక్క లేయర్ తీసేసి చూస్తాను."

"తీసేస్తే?"

"మళ్ళీ సినిమావాడే," అన్నాడు గౌరునాయుడు.

నరసయ్యమ్మ ఆ గడ్డాన్ని వేలితో మరోసారి తడిమింది. ఆ తర్వాత బొడ్లోంచి సంచీ తీసి, అందులోని ఫోన్ బయటికి లాగింది. తోటికోడలి నంబరు కోసం వెతకలేదు. గుర్తే ఉన్నట్టుంది.

"అక్కా... నేను, నరసయ్యమ్మని. రెండింటికి భోజనాలు. పిల్లల్ని కూడా తీసుకుని వచ్చెయ్యి." అవతలి మాట విని, కొంగుతో ముక్కు తుడుచుకుంది. "లేదక్కా, ముందే పిలుద్దుమనుకున్నాం. ఈ ఫోటో కాడే... కొంచెం ఆలీసమైపోనాది."