కొరివి బ్యాండు కోడలు

కాంతమణి గులాబీ రేకుల దండ పట్టుకుని గేటు తోసుకుని లోపలికి వచ్చేసరికి, ఆ దండ ఎవరి కోసం తెచ్చిందో ఆవిడే వరండాలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. కాంతమణి ఠక్కున ఆగిపోయింది. ఆమె వెనకే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వస్తున్న వీధిలోని ఆడవాళ్ళందరూ, ముందు బోగీ ఆగితే వెనక బోగీలు గుద్దుకున్నట్టు, ఒకరి వీపుకొకరు తగిలి నిలబడ్డారు. రైలు పట్టాల పక్కనే ఉండే మెట్టుగూడ వాళ్ళకి రైళ్ళు అలా ఆగడం కొత్త కాదు. పోయిన మనిషి చిక్కుళ్ళు తుంచుతూ కనిపించడమే కొత్త.

“ఎవరింట్లో కాంతమణీ?” అంది వీరరాఘవమ్మ, కాయ తుంచడం ఆపకుండానే.

“మీ ఇంట్లనే ఆంటీ... అంటే, మీరే... మీరు ఉన్నరా?”

“ఉండక? నేను పోతే ఈ కూర ఎవరు పెడతారు, మా రాక్ సింగరా?”

“లోపల మీ కోడలు ఏడుస్తుంటే విన్నం ఆంటీ. రాగం తీసి మరీ ఏడుస్తుంది. ‘అత్త పోయె నాయినా... అత్త పోయె నాయినా...’ అని. పాపం, ఎంత ప్రేమో అనుకున్నం.”

వీరరాఘవమ్మ చేతిలోని కాయ విరగలేదు, నలిగిపోయింది. లోపలి గది తలుపు వైపు చూసింది. అదే క్షణాన ఆ గదిలోంచి మళ్ళీ ఆ గొంతు లేచింది. వాయిద్యం లేదు, తాళం లేదు, ఒట్టి గొంతు. కడుపులోంచి లేచి, మధ్యలో చీలి, గరగరమని కిందికి జారే గొంతు... అది విని ఎవరో పోయారని అనుకోకపోతే విన్నవాళ్ళదే తప్పు.

లోపల కోడలు కల్పలత చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంది. గిటారు, డ్రమ్ములు, సమస్తం ఆమె చెవుల్లోనే మోగుతున్నాయి. అత్తగారికి గిటారంటే గిట్టదని, తన పాట తనకే వినబడాలని కొనుక్కున్న హెడ్‌ఫోన్లవి. పాపం ఆ అమ్మాయికి తట్టనిది ఒక్కటే: చప్పుడంతా చెవుల్లోకి పోతే బయట మిగిలేది ఏడుపే కదా! ఆమె పాడుతున్నది ‘అత్త పోయె’ కాదు. ‘ఎత్తుకపోవే నాయినా’ అని. కానీ గోడ దాటేసరికి నాయిన ఎత్తుకోవడం పోయి, అత్తగారే ఎత్తిపోయారు.

ఇది ఇంతటితో ఆగితే వీధంతా నవ్వుకుని వెళ్ళిపోయేది. ఆగలేదు. ఇద్దరు మనుషులు వీరరాఘవమ్మ భర్త పద్మనాభంగారిని చెరో రెక్కా పట్టుకుని గేట్లోకి తీసుకొచ్చారు. పాల ప్యాకెట్ల కోసం వెళ్ళిన పెద్దమనిషిని వీధి మొదట్లోనే ఎవరో పట్టుకుని, “ధైర్యంగా ఉండాలె సార్, సుమంగళిగ పోయింది,” అన్నారట. గుండెకి రెండు స్టెంట్లున్న మనిషి. ఉన్నచోటే రోడ్డు మీద కూలబడ్డాడు. మోకాలు చిట్లి నెత్తురు కారుతోంది. వరండాలో భార్యని చూసి ఆయన నోరు తెరిచాడు గానీ, మాట రాలేదు.

వీరరాఘవమ్మ లేచింది. ఒళ్ళోని చిక్కుళ్ళన్నీ నేల మీద పడ్డాయి.

“కల్పలతా,” అంది. అరవలేదు. అరిస్తే బాగుండేదని ఆ తర్వాత కాంతమణి అందరితోనూ చెప్పింది.

* * *

“అమ్మ అన్నదాంట్లో తప్పేముంది కల్పా?” అన్నాడు విశ్వతేజ, తండ్రి మోకాలికి దూది అద్దుతూ. భార్య వైపు చూడలేదు. పెళ్ళయినప్పటి నుంచీ ఇలాంటి సమయాల్లో అతను ఏదో ఒక పని వెతుక్కుంటాడు. ఇవాళ దొరికింది దూది.

“నేనేం అన్నాన్రా? ఇంకా అననే లేదు,” అంది వీరరాఘవమ్మ. అప్పుడు మొదలుపెట్టింది. కల్పలత బతుకులోని మైలురాళ్ళన్నిటినీ ఒక్కొక్కటే పీకి, తిరిగి ఆమె మీదికే విసిరింది.

“పదిహేడేళ్ళకి రెజిమెంటల్ బజారు పెళ్ళి బ్యాండులో, మైకు బండి మీద నిలబడి బరాత్ పాటలు పాడావన్నారు. సరే, చిన్నతనం అనుకున్నాం. కాలేజీలో మెటల్ పాటలంటూ జుట్టు విరబోసుకుని అరిస్తే ఫస్టు ప్రైజు ఇచ్చారన్నారు. ఇచ్చినవాళ్ళు చెవిటివాళ్ళేమో అనుకున్నాం. తర్వాత బ్యాండు పెట్టావు. దానికి పేరు దొరక్క, కొరివి అని పెట్టావు. ఆ పేరు విన్న రోజే అన్నాను, ఇక తలకి తగిలించడమొకటే తక్కువని. ఇవాళ అదీ కానిచ్చావు. ఆల్బమ్ వచ్చిందంటే పెళ్ళి ఆల్బమ్ అనుకుని చుట్టాలకి చూపించబోయాను. అట్ట మీద నువ్వు నాలుక బయటపెట్టి ఉన్నావు. నేను మెట్టెలు పెట్టుకున్న కోడల్ని తెచ్చుకున్నానమ్మా, మెటల్ కోడల్ని కాదు.”

“అత్తయ్యా, నేను మిమ్మల్ని అనలేదు. ఆ పాట...”

“ఆ పాట నాకొద్దు. బతికున్న మనిషి మీద శోకం పెడితే ఆయుష్షు తరిగిపోతుందంటారు. నాది తరిగితే తరగనీ. ఆయనకి ఏమైనా అయ్యుంటే?” వీరరాఘవమ్మ అక్కడ మాత్రం ఆగి భర్త మోకాలి వైపు చూసింది. వెంటనే సర్దుకుంది. “తేజా, శనివారం దీని ప్రోగ్రాం ఉన్న ఆ హాలు వాళ్ళకి ఫోన్ చేసి చెప్పు. ఆ పాట ఉండదు. ఉంటే నీ పెళ్ళాం ఈ ఇంట్లో ఉండదు. నేను బోయిగూడకి కబురు పెడుతున్నాను. వాళ్ళమ్మే వచ్చి తేల్చాలి.”

కల్పలత అప్పటిదాకా కదలకుండా నిలబడింది. ఆ ఆఖరి మాటకి ఆమె ముఖంలో రక్తం ఇంకిపోయింది.

“మా అవ్వను పిలవకండి అత్తయ్యా. మీరు ఇంకేం అన్నా పడతాను.”

“అయితే తప్పకుండా పిలవాల్సిందే,” అంది వీరరాఘవమ్మ.

* * *

గదిలో మంచం అంచున కూర్చున్న కల్పలతకి ఏడుపు రాలేదు. అదే ఆమె రోగం. వేలమంది ముందు గొంతు చించుకునే మనిషికి, ఒంటరిగా ఉంటే ఒక్క కన్నీటి చుక్క ఊరదు... శనివారం పోస్టరు మీద మొదటిసారి బ్యాండు పేరు చిన్నగా, ఆమె పేరు పెద్దగా వేశారు. పద్దెనిమిదేళ్ళ కష్టం. ఆ షోలో ఆ ఒక్క పాట తప్ప మిగతావన్నీ తీసేయమన్నా తీసేసేది. ఆ ఒక్కటీ తీసేయమంటే మాత్రం గొంతే తీసేయమన్నట్టుంది.

వాళ్ళ నాయిన బిక్షం బోయిగూడ కలప డిపోలో దుంగలు మోసేవాడు. పొద్దంతా దుంగలు మోసిన భుజం మీదే సాయంత్రం బిడ్డని ఎక్కించుకుని, రెజిమెంటల్ బజారులో బ్యాండు వాళ్ళు సాధన చేసే చోటికి తీసుకెళ్ళేవాడు. “విను బిడ్డా, ఎంత పెద్దగ ఊదుతున్నడో. భయం లేకుంట ఊదుతున్నడు,” అనేవాడు. తన బిడ్డ పాడేది ఏమిటో ఆయనకి ఎప్పుడూ అర్థం కాలేదు. పెద్దగా పాడుతోంది, అంతే చాలనుకున్నాడు.

ఆయన పోయిన రోజు కల్పలత బెంగళూరులో స్టేజి మీద ఉంది. దేశమంతటి బ్యాండ్ల మధ్య పోటీ. ‘కొరివి’ మొదటి బహుమతి కొట్టిన రోజు. ఫోను ఎక్కడో సంచిలో మోగి మోగి ఆగిపోయింది. ఎండాకాలం, ఇక ఉంచలేమన్నారు పెద్దలు. ఆమె బోయిగూడ చేరేసరికి అంతా అయిపోయింది. కళ్ళకి నల్లటి కాటుక, చిరుగుల ప్యాంటు, మెడలో ఇనుప గొలుసు. అలాగే వచ్చి గడపలో నిలబడింది.

వాళ్ళ ఇళ్ళలో ఒక పద్ధతుంది. పోయినవాళ్ళ ఇంటికి ఆ ఇంటి ఆడపిల్ల వస్తే, ఇంట్లో ఉన్న ఆడమనిషి లేచి ఎదురెళ్ళి మెడ ఇవ్వాలి. ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని, రాగం తీసి, పోయినవాళ్ళని పేరు పేరునా పిలుస్తూ శోకం తీయాలి. ఎంత పగ ఉన్నా మెడ ఇవ్వకుండా ఉండరు. మెడ దొరకనిదే శోకం మొదలుకాదు. ఒక్కరూ కూర్చుని ఏడిస్తే కన్నీళ్ళు వస్తాయేమో గానీ, శోకం కాదు.

ఆ రోజు తల్లి విజయమ్మ బిడ్డని చూసి ముఖం తిప్పుకుంది. మెడ ఇవ్వలేదు. మూడేళ్ళు గడిచాయి... బిడ్డ గడప తొక్కలేదు. తల్లి నోరు విప్పలేదు.

* * *

ఆటో దిగిన విజయమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది.

“లోపలికి రండి వదినగారూ. మీతో తేల్చుకోవాల్సింది చాలా ఉంది,” అంది వీరరాఘవమ్మ.

“రాను వొదినె. మీ ఇల్లని కాదు. దాని మొఖం సూడొద్దనుకున్న. మీరు ఫోన్ల చెప్పింది ఇనంగనే కాళ్ళు ఆగలే. ఏదీ అది?”

కల్పలత వచ్చింది. గేటుకి ఇవతల ఆమె, అవతల తల్లి. నడుమ ఇనుప కమ్మీలు. మెటల్ అంటే ఇష్టపడే పిల్లకి ఆ మెటల్ ఒక్కటి అడ్డమైంది.

“శోకమంటే ఏందనుకున్నవే?” అంది విజయమ్మ. “సచ్చినోళ్ళ మీద తీస్తరు. మీ అత్త మంచిగనే ఉన్నది. ఎవల మీద తీసినవ్? టికెట్లు పెట్టి అమ్ముకుంటవా?”

“నాయిన మీద తీసిన.”

“నాయిన మీదనా? నాయిన పోయిన్నాడు యాడున్నవే? ఇయ్యాల గుర్తొచ్చిండా నాయిన, శనివారం పోగ్రామ్ పెట్టుకున్నంక?”

“కరెక్టుగా అడిగారు,” అంది వీరరాఘవమ్మ. ఇద్దరు వియ్యపురాళ్ళు జన్మలో మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డారు. ఆ మాటకి నలుగుతున్నది కల్పలత.

“నేనొచ్చిన అవ్వా,” అంది కల్పలత. గొంతు చాలా చిన్నగా వచ్చింది. “ఆల్శెంగనే వచ్చిన. గడపల నిలబడ్డ. నువ్వు మెడ ఇయ్యలే.”

విజయమ్మ పెదవులు బిగుసుకున్నాయి. “ఇయ్యకపోతే? ఇప్పుడు మైకు మెడ పట్టుకోని ఏడుస్తున్నవా మందిల?”

“మైకుది కాదు. గిటారుది. గిటారుకు సుత మెడ ఉంటదవ్వా. గట్టిగ పట్టుకుంటే... అది మొఖం తిప్పుకోదు.”

విశ్వతేజ చేతిలో ఫోనుంది. హాలు వాళ్ళ నంబరు కలిసింది, అవతల ఎవరో హలో హలో అంటున్నారు.

లోపలి నుంచి పద్మనాభంగారు గోడ పట్టుకుంటూ వరండాలోకి వచ్చాడు.

“రాఘవా,” అన్నాడు. “నువ్వు పోయావని చెప్పారు నాకు వీధిలో. నలుగురూ చుట్టూ చేరి ఏడవండి సార్, ఏడవండి అన్నారు. రాలేదే. ఇక్కడ పట్టేసింది,” అని గొంతు మీద చెయ్యి పెట్టుకున్నాడు. “వీధి మొదటి నుంచి మన గేటుకి వచ్చేదాకా... అంతసేపే. నేను అంతసేపే ఓర్చుకోలేకపోయాను. ఆ పిల్లకి మూడేళ్ళ బట్టీ అట్లాగే పట్టేసి ఉంటే?”

వీరరాఘవమ్మ భర్త వైపు చూసింది. వెళ్ళి ఆయన్ని వరండా మెట్టు మీద కూర్చోబెట్టింది.

గేటు అవతల విజయమ్మ తల వంచుకుంది. “ఏమని తీసినవే?” అని అడిగింది, నేలకేసి చూస్తూ. “తియ్యి. నేనింటున్న.”

కల్పలత పాడలేదు. పాడటానికి గాలి పీల్చుకుంది గానీ, అది వేరే ఏదో అయి బయటికి వచ్చింది.

“దుంగలు మోసిన బుజం మీద నాయినా... నన్నెత్తుకపోవే నాయినా... బాజాల కాడ దించినవే నాయినా... ఇంటికి తోవ మరిసినవా నాయినా...”

గొంతు ఎప్పుడూ చీలే చోట చీలింది. ఈసారి మళ్ళీ అతుక్కోలేదు. గేటు గొళ్ళెం ఎవరు తీశారో తెలియదు. విజయమ్మ చేతులు వచ్చి బిడ్డ మెడని చుట్టేశాయి.

“ఎదురుసూస్తివి గదయ్యా... నీ బిడ్డొచ్చిందయ్యా... గడపల నిలబడితే నేనే మొఖం తిప్పితినయ్యా...”

తల్లీ బిడ్డా రోడ్డు మీదే కూలబడ్డారు. ఒకరు ఆపిన చోట ఒకరు అందుకుంటున్నారు. కల్పలత కళ్ళలోంచి మూడేళ్ళూ ధారగా కారుతున్నాయి... పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టినా ఆమె గొంతు ఏనాడూ అంత దూరం పోలేదు.

“ఫోన్ పెట్టేయ్,” అంది వీరరాఘవమ్మ కొడుకుతో.

“అమ్మా, మరి ఆ పాట...”

“పెట్టేయమన్నాను కదరా.”

చాలాసేపటికి విజయమ్మ బిడ్డ ముఖం కొంగుతో తుడిచింది. మెత్తగా ఏం తుడవలేదు, గిన్నె తోమినట్టు తుడిచింది. “శనివారం నేనొస్త. ఒక్కదానివి తియ్యొద్దు. ఆ కట్టెకు మెడ ఉంటే ఏంది, జవాబు చెప్తదా? నేను పక్కకు నిలబడత. ఆ నల్ల కాటుక మాత్రం పెట్టినవో, అక్కడ్నే కొడత.”

అప్పటికే వీధి మళ్ళీ కదిలింది. తలుపులు తెరుచుకుంటున్నాయి. కాంతమణి అందరికంటే ముందు వచ్చి, ఈసారి భయం భయంగా దూరాన ఆగింది. ఆమె వెనక మళ్ళీ అదే రైలు.

“ఆంటీ... ఇప్పుడెవరు?”

వీరరాఘవమ్మ గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. తల్లీ బిడ్డలకి ముందు, జనానికి అడ్డంగా నిలబడింది.

“సరిగ్గా వినండి, మళ్ళీ చెప్పను. అత్త పోలేదు. అత్త ఇదిగో, ఇంకా చాలాకాలం ఉంటుంది, ఎవరికీ తొందరేం అక్కర్లేదు. మా కోడలు అన్నది ‘ఎత్తుకపోవే’ అని. ‘అత్త పోయె’ అన్నది మీ చెవులు.” ఆవిడ ఒక్క క్షణం ఆగింది. “పోయింది మా వియ్యంకుడు. బోయిగూడ బిక్షంగారు. పోయి మూడేళ్ళయింది. ఇంట్లోవాళ్ళకి ఏడుపు ఇవాళ వచ్చింది. వచ్చినవాళ్ళు ఊరికే నిలబడి చూడకండి. వచ్చి కూర్చోండి.”