మూడో మైకు

గాజువాక నుంచి బయల్దేరిన ఆ వ్యానులో తలలు లెక్కపెట్టే అలవాటు లేదు. మైకులే లెక్క. ప్రోగ్రాం అయ్యాక ఎవరి మైకు వాళ్లు తమ చేతిరుమాల్లో చుట్టి చెక్కపెట్టెలో పెట్టాలి. పెట్టెలో మూడు గళ్లు. మూడూ నిండితే ముగ్గురూ ఎక్కినట్టే. జాన్ పాల్ వెనక్కి చూడకుండా బండి తీసేస్తాడు. చూసినా స్పీకర్ల అడ్డంలో మనిషి సరిగ్గా కనపడదు.

డ్రమ్సూ స్టీరింగూ జాన్ పాల్‌వి, కీబోర్డు రిచర్డ్‌ది, పాట దీనాది. ఎండాకాలమంతా ఊరూరా చర్చి కూటాలకి పాడుతూ తిరుగుతారు. నిన్న సబ్బవరం, ఇవాళ సాయంత్రం వడ్డాది, రాత్రికి మాడుగుల. రిచర్డ్ దీనాకి స్వయానా మేనమామ కొడుకు. ఈస్టరు వెళ్లాక ప్రధానం కూడా అయింది, జూన్‌లో పెళ్లి. బావ మాటంటే దీనాకి బైబిలు వాక్యం తర్వాత వాక్యమంత. అంత పిచ్చి నమ్మకం.

నిరుటి దాకా ఆ మూడో మైకు దీనా స్నేహితురాలు అక్సాది. గొంతుకి మంచిదని ఎప్పుడూ లవంగం కొరుకుతూ వుండేది. నిరుడు మే నెలలో, సరిగ్గా ఇలాగే ఊళ్లు తిరుగుతుండగా, మైకుతో సహా ఎవరితోనో వెళ్లిపోయిందని రిచర్డ్ చెప్పాడు. ఆ రాత్రే దీనాని పిలిపించి స్టేజీ ఎక్కించాడు. అక్సా తల్లి కృపావతి ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద దీనా చెయ్యి పట్టుకుని, ఫోనేమైనా చేసిందా అని అడుగుతుంది. దీనాకి విసుగొచ్చేది. కన్నతల్లికి చెప్పకుండా పోయిందని అక్సా మీద కోపం కూడా వచ్చేది.

వడ్డాది శివార్లలో కూటం పెట్టింది పాత బెల్లం గోడౌనులో. మూడింటికి సామాన్లు దించారు. రేకుల కింద ఒకటే ఉక్క. గోడల్లో ఇంకిపోయిన బెల్లం వాసన. వైర్లు కలిపేసరికి పడమట మబ్బు లేచింది. చూస్తుండగానే పట్టపగలు చీకటి కమ్ముకుంది. గాలి, దుమ్ము, రేకుల మీద టపటపా చినుకులు. కరెంటు పోయింది. ఈ వానకి జనం రారు, కూటం లేదని పాస్టరుగారు ఫోను చేశారు. వైర్లన్నీ ఊడదీసేసి, కీబోర్డు ఎత్తుకుని రిచర్డ్ వ్యాను దగ్గరికి వెళ్లాడు.

దీనా తన మైకుని రుమాల్లో చుడుతోంది. అప్పుడొచ్చింది ఆ వాసన. బెల్లం కాదు. లవంగం.

స్పీకర్లో ఎవరో ఊపిరి తీసుకున్నారు.

కరెంటు లేదు. స్పీకరుకి వైరే లేదు. అయినా... మళ్లీ ఊపిరి. నీళ్లు అడ్డుపడుతున్నట్టు, తడిగా...

"అన్నా... నాను ఎక్కలేదు."

జాన్ పాల్ చేతిలోంచి డ్రమ్ము కర్రలు జారిపోయాయి. కానీ అతను ఉలిక్కిపడలేదు. తెలిసిన గొంతు విన్నవాడిలా అలాగే కూలబడ్డాడు. దీనాని స్పీకరు కన్నా అదే ఎక్కువ భయపెట్టింది.

"ఏటిది, జానన్నా?" అంది గుసగుసగా.

అతను ఆగి ఆగి చెప్పాడు. నిరుడు ఇక్కడే అక్సాకి వడదెబ్బ తగిలింది. వెనక గదిలో చాప మీద పడుకుంది. ఆమె ఫోనేమో వ్యానులో ఛార్జింగులో వుంది. మాడుగుల కూటానికి టైమైపోతోంది. పెట్టెలో మూడు మైకులూ కనపడితే బండి తీసేశాడు. మాడుగులలో దిగాక చూస్తే మనిషి లేదు. వెనక్కి వెళదామంటే రిచర్డ్ వద్దన్నాడు, దీనాని రమ్మన్నానులే అన్నాడు. తెల్లారి వచ్చేసరికి గదిలో చాప ఒక్కటే వుంది.

"అక్సా మైకు ఆ రిచర్డే సుట్టి పెట్టెలో ఎట్టీసాడమ్మా. మర్నాడు వంతెన మీంచి ఏట్లోకి ఇసిరీసాడు. నాను సూసి కూడా నోరు మూసుకున్నాను."

నమ్మినవాణ్ణి నట్టేట ముంచడం అంటారే, దీనాకి ఇన్నాళ్లూ అది ఉత్త మాటే. ఇప్పుడు దాని అర్థం తెలిసింది. తలెత్తేసరికి గుమ్మంలో రిచర్డ్ నిలబడి వున్నాడు, తడిసి.

"నిజవేనా, బావా?"

అతను బుకాయించలేదు. ఎప్పట్లాగే ముద్దుగా అన్నాడు. "ఒక్క ఛాన్సు ఇప్పించు బావా అని నా సుట్టూ తిరిగింది ఎవులు? నీ కోసవే సేసాను."

ఆ మాటతో దీనాకీ అందులో వాటా పెట్టాడు. దీనాకి ఏడుపు కూడా రాలేదు. ప్రధానపు ఉంగరం తీసి అతని చేతిలో పెట్టింది. రేపు పొద్దున్నే కృపావతికి అంతా చెప్పేస్తానంది. రిచర్డ్ గుప్పిలి మూసుకుని, సరే, ముందు సామాన్లు ఎక్కిద్దాం అన్నాడు.

తల్లికి చెప్పాలంటే ఆ గది ఒకసారి చూడాలి కదా. సామాన్లన్నీ ఎక్కించాక, మైకు చేత్తో పట్టుకునే లోపలికి వెళ్లింది. చీకటి. లవంగం వాసన ముక్కు పగిలేలా వుంది. ఫోను లైటు వేసింది. మూల చాప. చాప మీద మనిషి పొడుగున తడి మరక... అప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు. గుమ్మం దాకా తడి అడుగులు.

బయట ఇంజను చప్పుడు.

పరిగెత్తింది. వానలో వ్యాను ఎర్ర లైట్లు మలుపు తిరుగుతున్నాయి. జాన్ పాల్‌కి ఫోను కలిపింది.

"అన్నా, ఆపు... నాను ఎక్కలేదు."

అన్నాక గానీ తను ఏమందో తనకే వినపడలేదు.

"అదేటమ్మా?" అన్నాడు జాన్ పాల్. "ఎనకాలే కూకున్నావు కదా, ఫోనెందుకు సేత్తన్నావు? ఈపాలి నువ్వు ఎక్కీదాకా సూసే బండి తీసాను. పెట్టెలో మూడూ ఉన్నాయి. నీ రుమాలే తడిసిపోయి నీళ్లు కారతన్నాయి." కాస్త గొంతు తగ్గించాడు. "పోనీలే, మీరిద్దరూ సర్దుకున్నారు, అదే సాలు. ఆడు నీకు ఉంగరం తొడగడం స్పీకర్ల సందులోంచి అద్దంలో సూసాను."

దీనా చేతిలోకి చూసుకుంది. రుమాల్లో చుట్టిన మైకు అక్కడే వుంది.

ఫోనులో, జాన్ పాల్ వెనక నుంచి, ఎవరో లవంగం పటుక్కున కొరికారు.